ఒకే రోజు ఇద్దరు అధ్యక్షులు: ఐవరీకోస్ట్ సంక్షోభంలో ప్రపంచం ఏం చేసింది, ఎక్కడ ఆలస్యం చేసింది

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమకు ఉద్దానం పంట ఒక్కటే ఏడాది పొడవునా చాలదు. తక్కువ పడిన జీడిపిక్కలు ఆఫ్రికా నుంచి ఓడల్లో రావాలి. విశాఖ రేవులో కంటైనర్లు దిగి, అక్కడి నుంచి లారీల్లో శ్రీకాకుళం వైపు వెళ్లి, 80 కిలోల బస్తా లెక్కన చేతులు మారతాయి. ఆ సరుకును పండించే దేశాల్లో ఐవరీకోస్ట్ ముఖ్యమైనది. అక్కడ జీడి కోతలు ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగుతాయి. 2011లో సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ బ్యాంకులు మూతపడ్డాయి, ఐరోపా ఓడలు రేవులకు రావడం మానేశాయి, ఎన్నికల తగాదా మళ్లీ అంతర్యుద్ధమైంది. సుమారు 3,000 మంది చనిపోయారు. లక్షకు పైగా జనం సరిహద్దు దాటి లైబీరియాలో తలదాచుకున్నారు.

ఓడిన నాయకుడు కుర్చీ దిగనంటే, ఆరిన యుద్ధం మళ్లీ రాజుకుంటే, బయటి దేశాలు ఏం చేయగలవు? ఈ ప్రశ్నకు ఐవరీకోస్ట్ అంత పూర్తి ఉదాహరణ దొరకడం కష్టం. రాయబారాలు, బహిష్కరణ, ఆర్థిక ఆంక్షలు, చివరికి హెలికాప్టర్ దాడులు... అన్నీ ఇక్కడ ప్రయోగించారు. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో విడివిడిగా చూస్తే ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. పోలింగ్ ముగిశాక పనికొచ్చిన ప్రతి చర్యకూ పునాది పోలింగ్‌కు ఏళ్ల ముందే పడింది. జనం ప్రాణాలు కాపాడటానికి మాత్రం అలాంటి ముందస్తు ఏర్పాటు గట్టిగా జరగలేదు. ఆ లోటు విలువ నాలుగు నెలల రక్తపాతం.

2002 సెప్టెంబర్ 19న మొదలైన తిరుగుబాటుతో ఐవరీకోస్ట్ రెండు ముక్కలైంది. బువాకే కేంద్రంగా ఉత్తరం తిరుగుబాటుదారుల చేతిలోకి, దక్షిణం అధ్యక్షుడు లోరాన్ బాగ్బో చేతిలోకి పోయాయి. గొడవకు మూలం పౌరసత్వం. ఎవరు ఈ దేశస్థులు, ఎవరు వలస వచ్చినవాళ్లు అన్న తగవు ఉత్తరాదివాళ్ల ఓటుహక్కు దాకా పాకింది. ఉత్తరాది నేత అలసాన్ వతారాను 2000 ఎన్నికల్లో ఆ కారణం మీదే పోటీకి అనర్హుడన్నారు. 2004లో ఐక్యరాజ్యసమితి శాంతి దళం దిగింది. 2007 మార్చిలో పొరుగున ఉన్న బుర్కినాఫాసో రాజధాని వాగడూగూలో ఒప్పందం కుదిరింది. ఓటర్ల జాబితా తయారీకే ఏళ్లు పట్టింది. చివరికి 57 లక్షల మందితో జాబితా తేలి, 2010 అక్టోబర్ 31న మొదటి విడత, నవంబర్ 28న రెండో విడత పోలింగ్ జరిగాయి.

ఇక్కడే ఒక ఏర్పాటు గురించి వివరంగా చెప్పుకోవాలి. తర్వాతి కథంతా దాని మీదే నడిచింది.

మన ఎన్నికల్లో పోలింగ్ ముగియగానే ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సి నింపి, ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి, ఏజెంట్లకు నకళ్లు ఇస్తాడు. కౌంటింగ్ రోజు ఏజెంటు ఆ కాగితం పట్టుకునే కూర్చుంటాడు. ఐవరీకోస్ట్‌లో ఓట్ల లెక్కింపు కూడా పోలింగ్ కేంద్రంలోనే జరుగుతుంది. ఎవరికెన్ని వచ్చాయో ఒక పత్రంలో రాసి సంతకాలు చేస్తారు. దాని నకళ్లు అభ్యర్థుల ప్రతినిధులకు, ఎన్నికల సంఘానికి, ఎన్నికలపై తుది తీర్పు ఇచ్చే రాజ్యాంగ మండలికి వెళ్తాయి. 2010లో వీటికి తోడు మరో నకలు ఐరాస ప్రతినిధికి కూడా అందింది. ఎందుకంటే, ఎన్నికను ధ్రువీకరించే అధికారం ఐరాసకు ఉండాలని 2005లో ప్రిటోరియా చర్చల్లో ఐవరీకోస్ట్ పక్షాలే ఒప్పుకున్నాయి. ఆ బాధ్యతను ఐరాస ప్రత్యేక ప్రతినిధికి అప్పగిస్తూ 2007లో భద్రతా మండలి 1765వ తీర్మానం చేసింది. ఒప్పుకున్నవాళ్లలో బాగ్బో కూడా ఉన్నారు. పరిశీలకులుగా వచ్చి నివేదిక రాసి వెళ్లిపోవడం వేరు, ఫలితం చెల్లుతుందో లేదో చెప్పే అధికారం వేరు. ఈ రెండోది ప్రపంచంలో చాలా అరుదు.

రెండో విడత ఫలితం ప్రకటించడానికి ఎన్నికల సంఘానికి మూడు రోజుల గడువుంది. ప్రకటన చేయబోతుండగా, టీవీ కెమెరాల ముందే బాగ్బో పక్షం సభ్యుడొకరు సంఘం అధికార ప్రతినిధి చేతిలోని ఫలితాల కాగితాలు లాక్కుని చింపేశారు. గడువు దాటింది. డిసెంబర్ 2న సంఘం అధ్యక్షుడు యూసుఫ్ బకాయోకో, దేశంలో అతి పెద్ద నగరమైన అబిద్జాన్‌లో ఐరాస దళాల కాపలా ఉన్న గోల్ఫ్ హోటల్ నుంచి ఫలితం చెప్పారు: వతారాకు 54.1 శాతం, బాగ్బోకు 45.9 శాతం. మర్నాడు రాజ్యాంగ మండలి, గడువు దాటాక సంఘానికి ఆ అధికారం లేదంటూ, ఉత్తరాన బువాకే, కొరోగో సహా ఏడు జిల్లాల ఓట్లు రద్దు చేసి, బాగ్బో 51.45 శాతంతో గెలిచారని తేల్చింది. రద్దయినవి సుమారు 6 లక్షల ఓట్లు.

న్యాయం మాట పక్కన పెట్టి, చట్టం చూసినా ఈ తీర్పు నిలవదు. ఐవరీకోస్ట్ ఎన్నికల నియమావళి 64వ అధికరణ ప్రకారం, ఫలితాన్ని తారుమారు చేసేంత అక్రమాలు జరిగాయని రాజ్యాంగ మండలి భావిస్తే మొత్తం ఎన్నికను రద్దు చేయాలి, 45 రోజుల్లో మళ్లీ పోలింగ్ పెట్టించాలి. నచ్చని ఓట్లు తీసేసి, మిగిలినవాటితో విజేతను ప్రకటించే వీలు అందులో లేదు. అబిద్జాన్ బయట ఈ వాదన పెద్దగా వినిపించలేదు. వినిపించి ఉంటే 'విదేశీ జోక్యం' అన్న బాగ్బో ప్రచారానికి అంత బలం చేకూరేది కాదు.

ఐరాస ప్రతినిధి చోయ్ యంగ్-జిన్ డిసెంబర్ 3నే వతారా గెలుపును ధ్రువీకరించారు. దాదాపు 20,000 కేంద్రాల పత్రాలు ఆయన దగ్గరున్నాయి. బాగ్బో పక్షం ఫిర్యాదులన్నీ నిజమని ఒప్పుకుని, ఆ కేంద్రాల ఓట్లన్నీ తీసేసి లెక్క కట్టినా ఫలితం మారదని చెప్పగలిగారు. డిసెంబర్ 4న ఇద్దరూ అధ్యక్షులుగా ప్రమాణం చేశారు. దేశం ఒకటి, ప్రభుత్వాలు రెండు.

ఈ కాగితాల విలువ తెలియాలంటే కెన్యా చూడాలి. 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత అక్కడ 1,100 మందికి పైగా చనిపోయారు. ఎవరు గెలిచారో తనకు తెలియదని ఎన్నికల సంఘం అధ్యక్షుడు శామ్యూల్ కివూటూ స్వయంగా అన్నారు. తర్వాత వేసిన క్రీగ్లర్ కమిషన్ కూడా తేల్చలేకపోయింది. నమ్మదగిన లెక్క లేనప్పుడు మధ్యవర్తి చేతిలో మిగిలేది పదవుల పంపకమే. ఐరాస మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నైరోబీలో కూర్చుని 2008 ఫిబ్రవరి 28న చేయించింది అదే: పోటీపడిన ఇద్దరిలో కిబాకీ అధ్యక్షుడు, ఒడింగా ప్రధాని. ఐవరీకోస్ట్‌లోనూ కొందరు ఆఫ్రికా నేతలు ఇదే పరిష్కారం సూచించారు. లెక్క స్పష్టంగా ఉన్నచోట ఓడినవాడికి వాటా ఇవ్వడమంటే, తర్వాత ఓడే ప్రతివాడికీ తుపాకీ పట్టుకోమని చెప్పడమే. ఆఫ్రికా సమాఖ్య దూతగా అబిద్జాన్ వెళ్లిన ఒడింగా కూడా అక్కడ అధికార పంపకాన్ని సమర్థించలేదు.

పొరుగు దేశాలు మొదట గట్టిగానే మాట్లాడాయి. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ డిసెంబర్ 7న అబూజాలో సమావేశమై వతారాను గుర్తించింది, ఐవరీకోస్ట్ సభ్యత్వాన్ని నిలిపేసింది. రెండు రోజుల తర్వాత ఆఫ్రికా సమాఖ్య కూడా అదే చేసింది. డిసెంబర్ 24న ఎకోవాస్ బలప్రయోగం దాకా వెళ్తామని హెచ్చరించింది. బెనిన్, సియెర్రాలియోన్, కేప్ వెర్డె అధ్యక్షులు ముగ్గురు అబిద్జాన్ వెళ్లి బాగ్బోను కలిశారు. ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఆ హెచ్చరిక ఎందుకు తేలిపోయింది? సైన్యం పంపాల్సింది ప్రధానంగా నైజీరియా. అక్కడ 2011 ఏప్రిల్‌లో సొంత ఎన్నికలున్నాయి. ఘనా సైన్యం పంపబోమని బాహాటంగా చెప్పేసింది. ఐవరీకోస్ట్‌లో లక్షల మంది పశ్చిమ ఆఫ్రికా వలస కూలీలున్నారు. దాడి చేస్తే మొదట దెబ్బతినేది వాళ్లే. అంగోలా బాగ్బో వైపు మొగ్గింది. దక్షిణాఫ్రికా ఊగిసలాడింది. జనవరి చివర ఆఫ్రికా సమాఖ్య ఐదుగురు దేశాధినేతల కమిటీ వేసింది. వతారా గెలుపును ఆ సమాఖ్య మరోసారి, కచ్చితంగా ఖరారు చేసింది మార్చి 10న. అమలు చేయలేని బెదిరింపు వల్ల జరిగే కీడు ఇది: అవతలివాడికి మీ చేతిలో ఏముందో తెలిసిపోతుంది, సిద్ధం కావడానికి టైమూ దొరుకుతుంది.

బాగ్బోను నిజంగా ఇరకాటంలో పెట్టింది బ్యాంకు సంతకం.

ఐవరీకోస్ట్‌కు సొంత కరెన్సీ లేదు. ఎనిమిది దేశాలకు ఉమ్మడిగా చెల్లే సీఎఫ్ఏ ఫ్రాంకును సెనెగల్ రాజధాని డాకర్‌లో ఉన్న ఉమ్మడి కేంద్ర బ్యాంకు విడుదల చేస్తుంది. ప్రభుత్వ ఖాతా ఉండేదీ అక్కడే. అంటే సైనికులకు జీతం ఇవ్వాలంటే ఆ ఖాతా మీద సంతకం చెల్లాలి. డిసెంబర్ 23న సభ్యదేశాల ఆర్థిక మంత్రులు ఆ సంతకాన్ని వతారాకు ఇచ్చారు. కానీ బ్యాంకు గవర్నర్ ఫిలిప్-ఆన్రీ డాకూరీ-టాబ్లీ బాగ్బో మనిషి. తీర్మానం తర్వాత కూడా బాగ్బో ప్రభుత్వానికి డబ్బు అందుతూనే ఉంది. నెల గడిచాక, జనవరి 22న ఆయన్ను రాజీనామా చేయించారు. దానికి జవాబుగా బాగ్బో తమ దేశంలోని ఆ బ్యాంకు శాఖలను స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇచ్చి, సాయుధులను పంపారు.

శాఖల్లోని నోట్లు చేతికొచ్చాయి కానీ వ్యవస్థ చిక్కలేదు. బ్యాంకుల మధ్య చెక్కులు, బదిలీల పరిష్కారం డాకర్ మీదుగా జరుగుతుంది. అది తెగిపోతే ఒక్కో వాణిజ్య బ్యాంకు ఒంటరి. ఫిబ్రవరి మధ్యకల్లా ఫ్రెంచ్ బ్యాంకుల అనుబంధ సంస్థలు, సిటీబ్యాంక్ తలుపులు మూశాయి. బాగ్బో వాటిలో కొన్నింటిని జాతీయం చేస్తున్నట్టు ప్రకటించారు. జీతాల కోసం ఉద్యోగులు బ్యాంకుల ముందు బారులు తీరారు. 230 కోట్ల డాలర్ల బాండు మీద వడ్డీ కట్టక జనవరి 31తో ఎగవేతదారు కూడా అయింది ఆ దేశం. ప్రపంచ కోకోలో మూడో వంతుకు పైగా పండించే దేశం నుంచి ఎగుమతులు ఆపాలని వతారా పిలుపునిచ్చారు. ఐరోపా సమాఖ్య అబిద్జాన్, సాన్ పెద్రో రేవులతో తన ఓడలు లావాదేవీలు జరపకూడదంది. లక్షల టన్నుల కోకో గోదాముల్లో మిగిలిపోయింది. మార్చి మొదట్లో న్యూయార్క్‌లో కోకో ధర 32 ఏళ్ల గరిష్ఠానికి చేరింది.

ఒక విశాఖ దిగుమతిదారు వైపు నుంచి చూస్తే ఇది ఎలా తగులుతుందో ఆలోచించండి. సాధారణంగా ఇక్కడి బ్యాంకు చెల్లింపుకు హామీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరుస్తుంది. అక్కడి ఎగుమతిదారు సరుకు ఓడకెక్కించి, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు రసీదు), నాణ్యత సర్టిఫికెట్లు అబిద్జాన్ బ్యాంకులో ఇస్తేనే ఆ కాగితాలు ఇక్కడికి వచ్చి డబ్బు కదులుతుంది. అక్కడ బ్యాంకు మూతపడితే కాగితం ఆగుతుంది, కాగితం ఆగితే సరుకు ఆగుతుంది. ఊళ్లలో రైతు దగ్గర కొనేది నోట్లతో. నోట్లు లేకపోతే మధ్యవర్తి అడ్డగోలు ధరకు అడుగుతాడు. జీడిపిక్కల్లో తేమ 10 శాతం దాటితే కంటైనర్‌లో బూజు పడుతుంది, పప్పు రంగు మారుతుంది. అందుకని రేవులో వారాల తరబడి ఆగిన సరుకు, తర్వాత కదిలినా అదే ధర పలకదు. ఆంక్షలు పెట్టేవాళ్లు గురిపెట్టింది ఒక్క బాగ్బో ఖజానాకే అయినా, ముందు నష్టపోయింది కొరోగో రైతు. అబిద్జాన్ ఆసుపత్రుల్లో మందులకూ కటకట వచ్చింది. ఇవన్నీ తెలిసి కూడా ఆంక్షలే సరైన దారి అనాల్సి వస్తుంది. కాకపోతే మందులకు, ఆహారానికి మినహాయింపు మొదటి రోజే స్పష్టంగా రాయాలి. ఓడల కంపెనీలు అనుమానం ఉన్నచోటికి ఓడ పంపవు. మినహాయింపు ఉందని తెలియకపోతే అది లేనట్టే.

అంగోలాలో ఇదే పని ఎంత ఆలస్యంగా జరిగిందో గుర్తు చేసుకోవాలి. 1992 సెప్టెంబర్ ఎన్నికల్లో ఓడిన తిరుగుబాటు నేత సవింబీ మళ్లీ యుద్ధానికి దిగారు. అప్పుడు అక్కడ ఐరాసకు ఉన్నది 350 మంది సైనిక పరిశీలకులు, 126 మంది పోలీసు పరిశీలకులు, పోలింగ్‌కు 400 మంది ఎన్నికల పరిశీలకులు. సవింబీ సైన్యం వజ్రాల డబ్బుతో నడిచేది. ఆయుధాలు, ఇంధనం మీద ఆంక్షలు ఏడాది తర్వాత వచ్చాయి. వజ్రాల మీద 1998లో గానీ రాలేదు. 2002లో సవింబీ చనిపోయేదాకా యుద్ధం ఆగలేదు.

డబ్బు ఆగితే సైన్యం సడలుతుంది, నిజమే. కానీ నెలలు పడుతుంది. ఆ నెలల్లో వీధుల్లో ఏం జరుగుతుందన్నది వేరే ప్రశ్న. ప్రపంచ స్పందనలో పెద్ద వైఫల్యం ఇక్కడే.

డిసెంబర్ 18న బాగ్బో ఐరాస దళాలను దేశం వదిలిపొమ్మన్నారు. అవి వెళ్లలేదు. కానీ గస్తీ వాహనాలను దారుల్లో అడ్డుకున్నారు, సరఫరాలు ఆపారు, ప్రభుత్వ టీవీ వాళ్ల మీద జనాన్ని రెచ్చగొట్టింది. దళంలో కొంత భాగం గోల్ఫ్ హోటల్‌లోని వతారా ప్రభుత్వానికి కాపలాగా ఇరుక్కుపోయింది. జనవరి 19న భద్రతా మండలి 1967వ తీర్మానంతో మరో 2,000 మంది సైనికులకు, లైబీరియా నుంచి మూడు సాయుధ హెలికాప్టర్లు తరలించడానికి అనుమతిచ్చింది. తీర్మానం కాగితం మీద ఒక్క రోజు పని. సైనికులు దిగడానికి వారాలు, నెలలు పడుతుంది.

మార్చి 3న అబిద్జాన్‌లోని అబోబోలో ఊరేగింపు చేస్తున్న మహిళలపై బాగ్బో భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. ఏడుగురు మహిళలు చనిపోయారు. మార్చి 17న అదే అబోబోలో మార్కెట్ మీద మోర్టార్లు పడి పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పౌరులకు తక్షణ ముప్పు ఉంటే బలం వాడే అధికారం ఐరాస దళానికి అప్పటికే ఉంది. జనం గుమిగూడే చోటికి మోర్టార్లు గురిపెట్టి ఉన్నాయని తెలిసినా వాటి జోలికి వెళ్లలేదు. అధికారం లేక కాదు. దాన్ని వాడితే తిరుగుదాడి తట్టుకునే బలం లేదన్న భయం, సైనికులను పంపిన దేశాల సంకోచం కలిసి చేతులు కట్టేశాయి.

చివరికి మార్చి 30న 1975వ తీర్మానం ఏకగ్రీవంగా వచ్చింది. బాగ్బో, ఆయన భార్య సిమోన్ సహా ఐదుగురిపై ఆంక్షలు, భారీ ఆయుధాలు పౌరులపై వాడకుండా అడ్డుకునే స్పష్టమైన అధికారం అందులో ఉన్నాయి. అప్పుడు మండలిలో సభ్యదేశంగా ఉన్న భారత్ అనుకూలంగా ఓటేసింది. ఓటేస్తూనే, శాంతి దళాలను ప్రభుత్వాలు మార్చే సాధనంగా వాడకూడదని మన ప్రతినిధి హర్‌దీప్ సింగ్ పురీ రికార్డులో పెట్టారు. అప్పటికి రెండు వారాల ముందే లిబియాలో పౌరుల రక్షణ కోసం బలప్రయోగానికి అనుమతిస్తూ తీర్మానం వచ్చింది. ఆ అనుమానం ఊహాజనితం కాదు. ఏప్రిల్ 4న, 10న ఐరాస హెలికాప్టర్లు, అక్కడే మోహరించి ఉన్న ఫ్రెంచ్ సైన్యం హెలికాప్టర్లు బాగ్బో సైనిక స్థావరాలపై దాడి చేశాయి. ఆయన నివాసం కూడా దెబ్బతింది. ఏప్రిల్ 11న వతారా దళాలు బాగ్బోను పట్టుకున్నాయి. ఆ నివాసం ఉన్న కొకొడీ పేటలోనే భారత రాయబారి ఇల్లు ఉంది. ఆ రోజుల్లో అప్పటి రాయబారి శమ్మా జైన్‌ను ఫ్రెంచ్ దళాలు అక్కడి నుంచి తరలించాల్సి వచ్చింది. పురీ చెప్పిన హెచ్చరిక, మన రాయబారిని కాపాడిన సైన్యం రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడన్నది భారత్ ఇప్పటికీ తేల్చుకోవాల్సిన విషయం.

ఇంకొకటి చెప్పకుండా ఈ లెక్క పూర్తి కాదు. ఉత్తరం నుంచి దూసుకొచ్చిన వతారా అనుకూల దళాలు మార్చి చివర పశ్చిమాన డ్యూకూయే పట్టణంలోకి ప్రవేశించాయి. అక్కడి మారణకాండలో కనీసం 800 మంది చనిపోయారని రెడ్‌క్రాస్ అంచనా. ఐరాస సైనికులు ఆ పట్టణంలోనే ఉన్నారు. వేలాది జనం తలదాచుకున్న చర్చి ప్రాంగణం కాపాడారు, పక్క వాడను కాపాడలేకపోయారు. ఎన్నికలో గెలిచినవాడి సైన్యం కూడా హత్యలు చేస్తుందని ముందే ఊహించి, గుర్తింపును ఆ సైన్యం నడవడికతో ముడిపెట్టి ఉండాల్సింది. ఎవరూ పెట్టలేదు.

ఆరేళ్ల తర్వాత గాంబియాలో ఎకోవాస్ మరోలా నడిచింది. అక్కడ ఓటంటే అభ్యర్థికి కేటాయించిన డబ్బాలో గోళీ వేయడం. గోళీలు అక్కడికక్కడే లెక్కపెడతారు. 2016 డిసెంబర్‌లో ఓడిన అధ్యక్షుడు జమ్మే మొదట ఒప్పుకుని, వారం తిరిగేసరికి మాట మార్చారు. సెనెగల్ సైన్యం సరిహద్దులో మోహరించింది. 2017 జనవరి 19న విజేత బారో డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశారు, అదే రోజు భద్రతా మండలి 2337వ తీర్మానం చేసింది, అదే రోజు సైన్యం సరిహద్దు దాటింది. జనవరి 21న జమ్మే దేశం వదిలారు. ఇది గాంబియా మూడు వైపులా సెనెగల్ ఉన్న చిన్న దేశం కావడం వల్ల కూడా సాధ్యమైంది. అయినా తేదీ, సైన్యం, గుర్తింపు మూడూ ఒకేసారి కదలడం అబిద్జాన్‌లో జరగని పని.

బాగ్బోను 2011 నవంబర్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పంపారు. 2019 జనవరిలో న్యాయమూర్తులు ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టారు. 2021లో అప్పీలులోనూ అదే ఖాయమైంది. ఆ ఏడాది జూన్‌లో ఆయన అబిద్జాన్ తిరిగొచ్చారు. డ్యూకూయే హత్యలపై వతారా పక్షంలో ఒక్కరిని కూడా హేగ్‌లో విచారించలేదు. బాగ్బోపై మిగిలిన శిక్ష వేరొకటి. కేంద్ర బ్యాంకు శాఖల దోపిడీ కేసులో అబిద్జాన్ కోర్టు 2018లో ఆయన లేకుండానే విచారించి 20 ఏళ్ల జైలు వేసింది. 2022లో వతారా క్షమాభిక్ష ఇచ్చినా ఆ నేర నిర్ధారణ చెరగలేదు. దానివల్ల బాగ్బో పేరు ఓటర్ల జాబితాలోకి ఎక్కలేదు. 2025 అక్టోబర్ అధ్యక్ష ఎన్నికలో ఆయన పోటీ చేయలేకపోయారు, వతారా నాలుగోసారి గెలిచారు. ఓటర్ల జాబితాలో ఎవరుండాలన్న గొడవతో మొదలైన యుద్ధం ఇరవై ఏళ్లు దాటినా ఆ జాబితా దగ్గరే తెగకుండా ఉంది.